పీల్ చేసిన మూడు వారాలకు తేలే నలుపు

ఇంట్లో కెమికల్ పీల్ (యాసిడ్ రాసి చర్మం పైపొరను రాల్చడం) చేసుకోవాలనుకునే వాళ్లందరికీ మొదట ఉండే భయం ఒకటే, ముఖం కాలిపోతుందేమోనని. ఆ భయం ఉండాల్సిందే. కానీ చామనఛాయ నుంచి నలుపు దాకా ఉండే మన చర్మాలకు అసలు గండం అక్కడ లేదు. పీల్ వేసిన రోజు కాస్త చురచురమంటుంది, మూడో రోజుకి పొట్టు రేగుతుంది, వారానికల్లా ముఖం నున్నగా తేలి బాగానే ఉంటుంది. పీల్ సంగతి దాదాపు మరిచిపోయాక, రెండు మూడు వారాలకు, బుగ్గ మీదో పై పెదవి మీదో దవడ అంచునో ముదురు మచ్చ తేలుతుంది. మొటిమ మచ్చ పోగొట్టుకుందామని మొదలుపెడితే అంతకంటే పెద్ద మచ్చ మిగులుతుంది. అది పోవడానికి నెలలు పడుతుంది.

అందుకే నా వాదన ఇది. ఇంట్లో వేసుకునే పీల్ ఎంత బలంగా ఉండాలో వేసిన ఆ కొద్ది నిమిషాల మంటను బట్టి తేల్చుకోకూడదు, ఆ తర్వాతి మూడు వారాలను బట్టి తేల్చుకోవాలి. ఆ లెక్కన చూస్తే ఆన్‌లైన్‌లో అమ్మే సీసాల్లో చాలా భాగం మన ఇళ్లలోకి రాకూడనివే. తక్కువ బలంవి మాత్రం, ఓపిక ఉంటే, నిజంగానే పనికొస్తాయి.

ఆ నలుపు ఎలా పుడుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు సగం వాటంతటవే అర్థమవుతాయి. చర్మానికి రంగు తయారుచేసే మెలనోసైట్ కణాలు తెల్లవాళ్లకూ మనకూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా వాటి పనిలో ఉంది. మన కణాలు తయారుచేసే మెలనిన్ రేణువులు పెద్దవి, ఎక్కువ, త్వరగా కరగవు. చర్మంలో ఎక్కడ వాపు పుట్టినా, మొటిమ వల్లయినా, గోకిన దోమకాటు వల్లయినా, యాసిడ్ వల్లయినా, అక్కడ విడుదలయ్యే రసాయనాలు ఈ కణాలను రెచ్చగొడతాయి. అవి అవసరానికి మించి రంగు పోస్తాయి. ఆ రంగు పైపొరలోనే ఉంటే గోధుమరంగు మచ్చగా కనిపించి, కొన్ని నెలల్లో పొరతో పాటే రాలిపోతుంది. దెబ్బ లోతుకు దిగి, పైపొరకూ కింది పొరకూ నడుమ ఉన్న పలుచని గోడ చెదిరితే మెలనిన్ కిందికి జారుతుంది. అక్కడి కణాలు దాన్ని మింగి అలాగే పట్టుకుంటాయి. అప్పుడు మచ్చ బూడిదరంగులో, కాస్త నీలం కలిసినట్టు కనిపిస్తుంది. అది ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు, పూత మందులు దాని దాకా సరిగా చేరవు.

కాబట్టి పొట్టు బాగా ఊడితే పీల్ బాగా పనిచేసిందని అనుకోవడం మన చర్మానికి తప్పు కొలత. పీల్‌లలో వాడే గ్లైకాలిక్, లాక్టిక్, మాండెలిక్ లాంటి ఏహెచ్ఏ (ఆల్ఫా హైడ్రాక్సీ) యాసిడ్‌లు చేసే పని పైపొరలోని మృతకణాలను ఒకదానికొకటి అంటిపెట్టుకున్న చోట వదులు చేయడం. తక్కువ బలంలో ఆ కణాలు కంటికి కనిపించకుండానే రాలిపోతాయి. రేకులు రేకులుగా పొట్టు లేచిందంటే యాసిడ్ అంతకంటే లోతుకు దిగిందని అర్థం. మన ముఖం మీద అది సంతోషించాల్సిన విషయం కాదు.

సీసా మీద పెద్దక్షరాల్లో రాసేది శాతం. చర్మం మీద పనిచేసేది ఆ శాతం ఒక్కటే కాదు, దానితో పాటు పీహెచ్, అంటే ఆమ్లత కొలత. ఆ అంకె తగ్గేకొద్దీ ఆమ్లత పెరుగుతుంది. గ్లైకాలిక్ యాసిడ్‌ని తీసుకోండి. పీహెచ్ 3.8 దగ్గర ఉన్నప్పుడు అందులో సగమే విడి యాసిడ్‌గా ఉంటుంది, మిగతా సగం లవణ రూపంలో ఉంటుంది. చర్మంలోకి బాగా దిగేది విడి యాసిడ్. పీహెచ్ 4.5 అయితే విడి యాసిడ్ అయిదో వంతు కూడా ఉండదు. 3.5 అయితే మూడింట రెండు వంతులు, 3 అయితే 87 శాతం దాకా. అంటే '10 శాతం గ్లైకాలిక్' అని ఒకేలా రాసి ఉన్న రెండు సీసాల్లో ఒకదాని పీహెచ్ 4.5, ఇంకోదాని పీహెచ్ 3 అయితే చర్మం చూసే బలంలో దాదాపు అయిదు రెట్ల తేడా. పీహెచ్ ఎంతో లేబుల్ మీద గానీ కంపెనీ వెబ్‌సైట్‌లో గానీ చెప్పని సీసా కొనకండి. శాతం చెప్పి పీహెచ్ దాచడమంటే సగం సమాచారం దాచడమే.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. 70 శాతం గ్లైకాలిక్ సీసా చవగ్గా దొరుకుతుంది కదా, ఏడింతలు చేసేలా నీళ్లు కలిపితే పది శాతం అవుతుందని కొందరు లెక్క వేస్తారు. శాతం లెక్క సరే. కానీ బఫర్ (పీహెచ్ మరీ తగ్గకుండా నిలిపే పదార్థం) కలపని 70 శాతం ద్రావణం పీహెచ్ 0.6 దగ్గర ఉంటుంది. దాన్ని నీళ్లతో పది శాతానికి తెచ్చినా పీహెచ్ 1.7 దగ్గరే ఆగుతుంది, అంటే అందులో దాదాపు అంతా విడి యాసిడే. మార్కెట్లో పది శాతం సీరమ్ అని నమ్మకంగా అమ్మేదానికీ దీనికీ పోలికే లేదు. ఇంట్లో యాసిడ్ పలచన చేసే పని వద్దే వద్దు.

ఎంత వరకు సురక్షితం అన్నదానికి ఒక గీత ఎప్పుడో గీసి ఉంది. అమెరికాలో కాస్మెటిక్ ఇంగ్రీడియెంట్ రివ్యూ అనే నిపుణుల బృందం 1990ల చివర్లో గ్లైకాలిక్, లాక్టిక్ యాసిడ్‌లను పరిశీలించి రెండు మాటలు చెప్పింది. వాడేవాళ్లు సొంతంగా వాడే వాటిలో యాసిడ్ పది శాతానికి మించకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు, ఎండ నుంచి కాపాడుకునే ఏర్పాటు ఉండాలి. శిక్షణ పొందిన వాళ్లు సెలూన్లలో వాడేవి 30 శాతానికి మించకూడదు, పీహెచ్ 3కి తగ్గకూడదు, కాసేపు ఉంచి బాగా కడిగేయాలి. ఇప్పుడు ఇంటికి పార్శిల్‌లో వచ్చే ఎర్రటి 30 శాతం సీసాలను ఈ గీత పక్కన పెట్టి చూడండి. శిక్షణ ఉన్న చేతులకు చెప్పిన చిట్టచివరి హద్దు అది. అది ఏ శిక్షణా లేని ఇరవై ఏళ్ల పిల్లల అద్దం ముందుకు వచ్చేసింది. ఆ సీసాల మీదే చిన్నక్షరాల్లో 'అనుభవం ఉన్నవారికి మాత్రమే', 'సున్నితమైన చర్మానికి కాదు' అని రాసి ఉంటుంది. ఆ మాట చదివి సీసా వెనక్కి పెట్టేవాళ్లు ఎంతమంది?

2024 జూలైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఎక్కువ గాఢత ఉన్న టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్), గ్లైకాలిక్, సాలిసిలిక్, లాక్టిక్ పీల్‌లను నిపుణుల పర్యవేక్షణ లేకుండా కొనొద్దని, వాడొద్దని హెచ్చరించింది. వీటిలో టీసీఏ సంగతి వేరు. అది చర్మంలోని ప్రొటీన్‌ను గడ్డకట్టిస్తుంది. వేసిన కాసేపటికి చర్మం తెల్లబడుతుంది, దాన్నే ఫ్రాస్టింగ్ అంటారు. ఒకసారి ఆ తెలుపు వచ్చాక నీళ్లు పోసినా, సోడా పోసినా జరిగింది వెనక్కి రాదు. ఎన్ని పూతలు వేస్తే అంత లోతు. కాబట్టి ఇంట్లో టీసీఏకి సురక్షితమైన పద్ధతి అంటూ లేదు. పది శాతమైనా, ఒక్క మచ్చ మీదే అయినా వద్దు. ఫినాల్ అయితే ఇంకా పెద్ద ముప్పు. అది రక్తంలో కలిసి గుండె లయను తప్పిస్తుంది. డాక్టర్లు కూడా మానిటర్ పెట్టుకుని చేసే పని అది.

మరి ఇంట్లో ఏది? అణువు ఎంత చిన్నదైతే అంత త్వరగా, అంత ఎగుడుదిగుడుగా లోపలికి దిగుతుంది. గ్లైకాలిక్ అణుభారం 76, లాక్టిక్‌ది 90, మాండెలిక్‌ది 152. చేదు బాదం నుంచి మొదట తీసిన ఈ మాండెలిక్ నిదానంగా దిగుతుంది, మంట తక్కువ పెడుతుంది. మన రంగు చర్మానికి మొదటి యాసిడ్ ఇదే కావాలని నా గట్టి అభిప్రాయం. పది శాతం దాటొద్దు. చర్మం పొడిగా ఉండేవాళ్లకు అయిదు నుంచి పది శాతం లాక్టిక్ సరిపోతుంది. జిడ్డు, మొటిమలు, నల్ల ముల్లు (బ్లాక్‌హెడ్స్) ఉన్నవాళ్లకు ఒకటి రెండు శాతం సాలిసిలిక్. అది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి వెళ్లి పనిచేస్తుంది. ఆస్పిరిన్ పడనివాళ్లు సాలిసిలిక్ ముట్టకూడదు. వీపంతా, చేతులంతా ఒకేసారి రాసుకోకూడదు, ఒంట్లోకి ఎక్కువగా చేరితే చెవుల్లో గుయ్యిమనడం, తల తిరగడం మొదలవుతుంది. గర్భిణులు పీల్ ఆలోచనే వాయిదా వేసుకోవడం మంచిది. ఆ నెలల్లో చర్మం మంగుకు సిద్ధంగా ఉంటుంది, ఏ చిన్న వాపూ ఊరికే పోదు.

వంటింటి సంగతి కూడా ఒక మాట. పెరుగులో ఉండే లాక్టిక్ యాసిడ్ చాలా తక్కువ, అదేమీ పీల్ కాదు, హానీ లేదు. నిమ్మరసం అలా కాదు. దాని పీహెచ్ 2 పైచిలుకు. గూడూరు నుంచి మన మార్కెట్లకు వచ్చే చిన్న నిమ్మకాయల జాతిలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు కూడా ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, ఆ తర్వాత నల్లటి చారలు మిగులుతాయి. 'సహజం' అన్న మాటకు చర్మం దగ్గర విలువ లేదు.

ఇప్పుడు ఎవరు చేయకూడదో చెప్పాలి. ఇందులో ముందు వరుసలో ఉండేది స్టెరాయిడ్ క్రీమ్ వాడినవాళ్లు. తెల్లబడటానికని, మంగుకని, మొటిమలకని మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబ్ తిప్పి పేర్లు చదవండి. బీటామెథాసోన్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, క్లోబెటసాల్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడే. ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులు కొన్నింటిని డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి. నెలల తరబడి వాటిని రాసిన ముఖం పలచబడి, సన్నటి ఎర్ర నాళాలు తేలి, క్రీమ్ ఆపితే మండుతూ ఉంటుంది. ఆ చర్మానికి పది శాతం యాసిడ్ కూడా ముప్పై శాతంలా తగులుతుంది. అలాంటివాళ్లు ముందు స్కిన్ డాక్టర్‌ని కలిసి ఆ క్రీమ్ మాన్పించుకోవాలి. ముఖం నెలల పాటు నెమ్మదించాక గానీ పీల్ మాట ఎత్తకూడదు.

మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, ఈమధ్యే ఆపినవాళ్లు సొంతంగా చేయొద్దు. పైపైన చేసే పీల్‌లకు ఒకప్పటిలా మాత్రలు ఆపాక ఆరు నెలల గడువు అక్కర్లేదని ఇప్పుడు చాలామంది డాక్టర్లు అంటున్నారు, కానీ ఆ మాట మీ ముఖం చూసిన డాక్టర్ చెప్పాలి. డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతున్నా ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, కోర్సు అయ్యేదాకా ఆగండి. గాయం మానిన చోట గడ్డలా ఉబ్బే తత్వం ఉన్నవాళ్లు, సోరియాసిస్, బొల్లి, ఎగ్జిమా ఉన్నవాళ్లు, పెదవుల పక్కన తరచూ నీటి పొక్కులు వచ్చేవాళ్లు కూడా ఇంట్లో వద్దు. పీల్ ఆ పొక్కుల వైరస్‌ను మళ్లీ లేపగలదు.

కొన్ని నలుపులు పీల్‌తో పోయేవి కావు, వాటి మీద యాసిడ్ వేయడం దండగ. మెడ చుట్టూ మందంగా, మఖమల్ గుడ్డలా తగిలే నలుపు చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. చేయించాల్సింది షుగర్ పరీక్ష. నుదుటి మీద బొట్టు పెట్టుకునే చోటే నల్లబడితే కుంకుమ గానీ స్టిక్కర్ జిగురు గానీ పడటం లేదేమో చూడాలి. శోభి మచ్చలు ఫంగస్ వల్ల వచ్చేవి. పైగా మెడ చర్మం పలచన, ముఖం మానినంత త్వరగా మానదు. ముఖానికి రాసిన చేత్తోనే మిగిలింది మెడకు పూయడం చాలామందికి అలవాటు. ఆ అలవాటు మానాలి.

ముఖమంతా వేసుకునే ముందు ఒక చోట వేసి చూడండి. ఈ ప్యాచ్ టెస్ట్ విషయంలో అందరూ చెప్పే 24 గంటలు, 48 గంటలు మన చర్మానికి సగం జవాబే ఇస్తాయి. మంట, దద్దుర్లు, పడకపోవడం లాంటివి ఆ రెండు మూడు రోజుల్లో బయటపడతాయి. నలుపు మాత్రం బయటపడదు. అందుకని దవడ ఎముక కింద, చెవి దగ్గరగా, రూపాయి బిళ్లంత చోట, ముఖం మీద ఎన్ని నిమిషాలు ఉంచాలనుకున్నారో అన్ని నిమిషాలే ఉంచి కడిగి, మూడు వారాలు ఆగండి. ఆ చోటు చుట్టుపక్కల రంగులోనే ఉంటే ముందుకు వెళ్లండి. మూడు వారాలు చాలా ఎక్కువ అనిపిస్తుంది. మచ్చ వస్తే పట్టే ఆరు నెలల పక్కన పెడితే అది ఎక్కువేమీ కాదు. చెవి వెనకాల వేసి చూడమని కొందరు చెబుతారు. అక్కడ ఎండ పడదు కాబట్టి నలుపు సంగతి సరిగా తెలియదు.

ఆ మూడు వారాలూ ఖాళీగా గడపక్కర్లేదు. రోజూ సన్‌స్క్రీన్ రాయడం అలవాటు చేసుకోండి. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకు పైన గానీ, పీఏ (యూవీ-ఏ అనే అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణను చెప్పే గుర్తు) పక్కన ప్లస్‌లు మూడుకి తగ్గకుండా. చూపుడు వేలు, మధ్య వేలు, రెండింటి పొడవునా గీతలా పిండితే వచ్చేంత క్రీమ్ ముఖానికీ మెడకీ కావాలి. దాదాపు ఎవరూ అంత రాయరు, శనగగింజంత రాసి ఎస్‌పీఎఫ్ 50 రాశామనుకుంటారు. బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మంగు ఉన్నవాళ్లు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ తీసుకుంటే మేలు, ఎందుకంటే మన చర్మాన్ని నల్లబరచేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా. ఈ అలవాటు మూడు వారాలు నిలబెట్టుకోలేనివాళ్లు పీల్ చేయొద్దు, నిర్మొహమాటంగా చెబుతున్నాను. పది శాతం గ్లైకాలిక్‌ను పీహెచ్ 3.5 దగ్గర నాలుగు వారాలు రాయించి చూస్తే, యూవీకి చర్మం ఎర్రబడే గుణం 18 శాతం పెరిగిందని, యాసిడ్ ఆపిన వారానికి మామూలు స్థితికి వచ్చిందని ఎఫ్‌డీఏ చెప్పింది.

కాలం కూడా చూసుకోవాలి. మార్చి నుంచి జూన్ దాకా మన వైపు మిట్టమధ్యాహ్నం యూవీ సూచిక పది దాటుతుంది. మొదటి పీల్‌కు నవంబరు, డిసెంబరు మంచివి. సంక్రాంతికి రోజంతా డాబా మీద గాలిపటాలు ఎగరేసే ఇళ్లలో అయితే ఆ ముందు వారం చేయకండి. పెళ్లి, నిశ్చితార్థం లాంటివి ఉంటే కనీసం నాలుగు వారాల ఎడం ఉండాలి. రెండు రోజుల ముందు 'గ్లో' కోసం చేసుకుంటే ఫొటోల్లో పడేది పొట్టే.

పీల్‌కు వారం ముందు నుంచి ట్రెటినాయిన్, అడపలీన్, రెటినాల్, బెంజాయిల్ పెరాక్సైడ్ ఆపేయాలి. త్రెడింగ్, వ్యాక్సింగ్, పార్లర్ బ్లీచ్ ఆ వారంలో వద్దు. త్రెడింగ్ దారం పై పెదవి మీద కంటికి కనిపించని గీతలు పెడుతుంది, యాసిడ్ సరిగ్గా ఆ గీతల్లోంచి దిగుతుంది. పీల్ తర్వాత పై పెదవి మీద మీసంలా తేలే నలుపుకి చాలాసార్లు కారణం ఇదే. సున్నిపిండి, స్క్రబ్, ఆవిరి పట్టడం కూడా అప్పటికి ఆపాలి.

చేసేది రాత్రి పూట, మర్నాడు ఎండలోకి వెళ్లే పని లేని రోజు. కాంటాక్ట్ లెన్స్‌లు తీసేయండి. జుట్టు వెనక్కి కట్టేయండి. మామూలు ఫేస్‌వాష్‌తో కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్ది, పావుగంట ఆగండి. తడిచర్మం మీద యాసిడ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ దిగుతుంది, మచ్చలు మచ్చలుగా పనిచేస్తుంది. ముక్కు పుటాల అంచుల్లో, పెదవుల మూలల్లో, కళ్ల మూలల్లో వాజలైన్ పలచగా రాయండి. ద్రవం ఒలికి నిలిచేది అక్కడే, ఎక్కువగా కాలేదీ అక్కడే. పగిలిన మొటిమ ఉంటే దాని మీదా రాయండి.

సింక్ దగ్గర బకెట్ నిండా చల్లటి నీళ్లు, మగ్గు పెట్టుకున్నాకే సీసా మూత తీయండి. ముఖం మీద యాసిడ్ ఉండగా కుళాయిలో నీళ్లు రాకపోతే ఏం చేస్తారు? ఫోన్‌లో టైమర్ పెట్టండి. రెండు మిల్లీలీటర్ల లోపు ద్రవం ముఖమంతటికీ చాలు. గాజుగుడ్డ మీద వేసి పిండేయండి, చుక్క కారకూడదు. నుదురు, బుగ్గలు, గడ్డం, ముక్కు, చివర్లో పై పెదవి, ఈ వరుసలో ముప్పై సెకన్లలో పూర్తవ్వాలి. కంటి రెప్పలు, కంటి కింద గుంట వదిలేయండి. వేసిన చోటే మళ్లీ రుద్దకండి, రెండో పూత అంటే రెట్టింపు మోతాదు.

మొదటిసారి రెండు నిమిషాలు. కొన్నది రాత్రంతా ఉంచుకునే సీరమ్ అయినా సరే, మొదట్లో రెండు నిమిషాలకే కడిగేయండి. రెండు వారాల తర్వాత మూడు నిమిషాలు. అలా రెండు వారాలకొక నిమిషం చొప్పున అయిదు దాకా వెళ్లండి, లేబుల్ మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అక్కడే ఆగండి. అన్నీ సవ్యంగా సాగాక, రాత్రి ఉంచుకోదగ్గ సీరమ్ అయితే వారానికి ఒక రాత్రి ఉంచి చూడొచ్చు.

తెల్లవాళ్ల కోసం రాసిన సూచనల్లో 'చర్మం గులాబీరంగుకి రాగానే కడిగేయండి' అని ఉంటుంది. నల్లటి చర్మం మీద గులాబీరంగు కంటికి తెలిసేసరికే ఆలస్యమవుతుంది. మనం నమ్ముకోవాల్సింది స్పర్శను. మంటను సున్నా నుంచి పదికి కొలుచుకోండి. రెండు మూడు దాకా చీమలు పాకినట్టు ఉండటం మామూలే. నాలుగుకి చేరితే టైమర్ చూడకుండా కడిగేయాలి. ముఖమంతా నెమ్మదిగా ఉండి ఒక్కచోట మాత్రం సూదిలా పొడుస్తుంటే అంకె ఎంతైనా వెంటనే ఆపండి, అక్కడ చర్మం ముందే దెబ్బతిని ఉంది. ఎక్కడైనా చుట్టూ రంగు కంటే ముదిరినా, బూడిదరంగు కమ్మినా, తెల్లబడినా అంతే. మంట తగ్గింది కదా, ఇంకో రెండు నిమిషాలు ఉంచుదామనుకోవడం మరో పొరపాటు. మంట తగ్గినంత మాత్రాన యాసిడ్ పని ఆపినట్టు కాదు.

కడగడం అంటే తడిగుడ్డతో తుడవడం కాదు. ముఖం కిందికి వంచి, కళ్లు మూసి, మగ్గుతో రెండు నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోసుకోవాలి. వంటసోడా పేస్ట్ పూయమనే సలహా వింటుంటాం. క్లినిక్‌లలో కొలిచి కలిపిన ద్రావణం వాడతారు, ఇంట్లో చిక్కటి పేస్ట్ గరుకుగా గీస్తుంది, పైగా క్షారం. ఈ బలం పీల్‌కు నీళ్లు చాలు. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టి పావుగంటకు తగ్గకుండా నీళ్లు పోయాలి, ఆ తర్వాత కంటి ఆస్పత్రికి వెళ్లాలి.

అద్ది ఆరాక వాసన లేని మాయిశ్చరైజర్ మందంగా, అంతే. ఆ రాత్రి విటమిన్ సి వద్దు, రెటినాల్ వద్దు, టోనర్ వద్దు. మర్నాటి నుంచి వారం పాటు మృదువైన ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్, ఈ మూడే. రెండు రోజులు జిమ్ చెమట, పొయ్యి సెగ కూడా తప్పించుకుంటే మంచిది. మంగు ఉన్నవాళ్లకు వేడి కూడా గిట్టదు. పొట్టు లేస్తే లాగకండి. కింద ఇంకా సిద్ధం కాని చర్మం బయటపడుతుంది, నలుపు తేలడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. పసుపుపచ్చటి చెక్కు కట్టినా, నీటి బొబ్బ లేచినా, మూడో రోజుకి నొప్పి తగ్గకుండా పెరిగినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బొబ్బ చిదపకూడదు. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ ట్యూబ్ సొంతంగా తీసి రాయకూడదు.

ఇంత చేసినా మచ్చ తేలితే? ఆగిపోవాలి, అన్నింటికంటే ముఖ్యం అదే. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. పీల్ వల్ల వచ్చిన నలుపును ఇంకో పీల్‌తో, ఇంకాస్త ఎక్కువ శాతంతో పోగొట్టాలని చూస్తారు. వాపు మీద వాపు చేరి, పైపొరలో ఉన్న రంగు కిందికి దిగే ప్రమాదం పెరుగుతుంది. యాసిడ్‌లన్నీ మానేసి, సన్‌స్క్రీన్, మాయిశ్చరైజర్ మాత్రమే వాడుతూ రెండు నెలలు గడిపితే పైపొర మచ్చలు చాలావరకు పలచబడటం మొదలవుతుంది. అజిలాయిక్ యాసిడ్ లాంటివి అప్పుడు పనికొస్తాయి, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్‌తో తేల్చుకోండి.

క్లినిక్‌లో సిట్టింగ్‌కు వేలల్లో అవుతుంది, మా మండలంలో స్కిన్ డాక్టరే లేరు, మరి మేమేం చేయాలి అనే వాదన ఉంది. అది న్యాయమైన మాటే. కానీ డాక్టర్ దూరంగా ఉన్నవాళ్లే ఇంకా తక్కువ బలం ఎంచుకోవాలి, ఎందుకంటే తేడా వస్తే చూసేవాళ్లు దగ్గర్లో లేరు. పది శాతం మాండెలిక్‌తో మూడు నెలల్లో మొటిమల మచ్చలు మెల్లగా పలచబడొచ్చు, చర్మం గరుకు తగ్గొచ్చు. గుంటలు పూడవు. పుట్టుకతో వచ్చిన రంగు మారదు. ఏ పీల్‌కూ ఆ శక్తి లేదు, ఆ ఆశతో శాతం పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. పెళ్లిచూపుల ముందు పిల్లకు ఏదో ఒకటి పూసి తెల్లబరచాలని తొందరపెట్టే పెద్దలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

మొదలుపెట్టే ముందు ఒకే కిటికీ దగ్గర, ఒకే సమయానికి, ఫిల్టర్ లేకుండా ముఖం మూడు వైపులా ఫొటోలు తీసుకోండి. నాలుగు వారాలకోసారి అక్కడే మళ్లీ తీయండి. అద్దం రోజూ చూసే కంటికి తేడా పట్టుబడదు. మూడు నెలల ఫొటోల్లో మార్పు లేకపోతే శాతం పెంచకండి. ఆ రంగు లోతున ఉండి ఉంటుంది, లేదా అసలు పీల్‌తో పోయే రకం కాదు. ఆ ఫొటోలూ, వాడిన సీసా, అంతకు ముందు ముఖానికి రాసిన ప్రతి ట్యూబూ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డాక్టర్ మొదట అడిగేది వాటి గురించే.